కొమరోలు సీమలో పిట్టలు, పురుగులు

ఊరి చరిత్ర చెప్పుమనినచో మనవారు కైఫీయతులు తీసి, రాజుల పేరులు, కోటల పేరులు, దేవాలయములకు వ్రాసి యిచ్చిన మాన్యముల లెక్కలు చదువుదురు. అది సరియే. కాని మనుష్యులతోపాటు ఆ యూరనే పుట్టి, మనుష్యుల పంటలో పాలు పంచుకొని, మనుష్యుల పనులవలననే పెరిగియు తరిగియు వచ్చిన ప్రాణులు వేలకొలది గలవు. వాని చరిత్రయు నా యూరి చరిత్రయే. కొమరోలు చుట్టుపట్ల పిట్టల సంఖ్యయు, పురుగుల సంఖ్యయు గడచిన రెండు వందల యేండ్లలో నెట్లు మారుచు వచ్చినవో, ఏల మారినవో, శ్రోతలకు నేడు కొంత మనవి చేసెదను.

మా సీమకు పడమట నల్లమల, తూర్పున వెలిగొండలు. నడుమ నున్నది మెట్టనేల. ఉత్తరమున గుండ్లకమ్మ కంభము చెరువును నింపును. దక్షిణమున సగిలేరు పెన్నను వెదకికొనుచు పోవును. 1800 సంవత్సరమున నిజాము దత్తమండలములను కుంపిణీవారి కిచ్చినప్పుడు ఈ నేలయు చేతులు మారినది. మొదట కడప జిల్లాలోను, 1858 తరువాత కర్నూలు జిల్లాలోను ఉండి, 1970లో ఒంగోలు జిల్లాలో చేరెను. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము అను పేరు పెట్టిరి. కచేరీలు మారినవి గాని పిట్టలకు ఎల్లలు మారలేదు. వానికి నల్లమల అడవి, కంభము చెరువు, నడుమ మెట్టచేలు, ఈ మూడే తాలూకాలు.

మన పూర్వులు పిట్టలను లెక్కించి చిట్టాలలో వ్రాయలేదు; మాటలలో వ్రాసి పెట్టిరి. ఊరపిచ్చుక, గిజిగాడు, జినువాయి, పూరేడు, కౌజు, చితవ, పాలపిట్ట, పగిడికంటె, జెముడుకాకి: ఇన్ని పేరులు నిఘంటువు చూచి నేర్చినవి కావు, గొడ్లవెంట తిరిగిన పిల్లలు నోట నేర్చినవి. పసరముల వీపుపై నెక్కి తిరుగును గనుక ఏట్రింతకు పసులపోలిగాడను పేరు వచ్చెను. ఆరుద్ర కార్తెలో తొలకరి పడగానే ఎఱ్ఱని పట్టుముక్కవలె నేలమీద ప్రాకు ప్రాణికి ఆరుద్రపురుగని పేరు పెట్టిరి. సంస్కృత కవుల ఇంద్రగోపము ఇదియే. శాస్త్రజ్ఞుల లెక్కలో ఇది పురుగు కాదు, ఎనిమిది కాళ్లది గనుక సాలెపురుగుల చుట్టము. ఇది చిన్న చిన్న కీటకముల గ్రుడ్లను తిని బ్రతుకును. విత్తనము వేయు తరుణమునకు గుర్తుగా రైతు దీనిని చూచుచుండెను. పంచాంగములో కార్తె తప్పక వచ్చుచునే యున్నది. దానివెంట రావలసిన పురుగు మాత్రము మందు చల్లిన చేలలో అరుదైపోయినది.

ఈ పేరులను అచ్చులో నెక్కించినవారిలో ముఖ్యుడు థామస్ జెర్డన్ అను వైద్యుడు. అతడు మదరాసు సైన్యములో చేరి, కొంతకాలము నెల్లూరులో సివిలు సర్జనుగా నుండి, తూర్పు కనుమల జంతుజాలమును శ్రద్ధతో పరిశీలించెను. 1862 మొదలు 1864 వరకు వెలువడిన అతని భారతదేశ పక్షుల గ్రంథమున ఆయా పక్షుల తెలుగు పేరులు గూడ గలవు. అతడు 1848లో లోకమునకు తెలిపిన యొక చిన్న పక్షికి అందు ‘అడవి ఉత్తతిత్తి’ అని తెలుగు పేరు వ్రాసినాడు. తిత్తి యనగా డబ్బుసంచి. ఉత్తతిత్తి యనగా అందులో నేమియు లేదని. ఆ పేరు పెట్టిన పల్లెటూరి చమత్కారి యెవరో గాని, ఆ పక్షి విషయమున నది నిజమే యయ్యెను. 1900 తరువాత ఎనుబదియారేండ్లు అది ఎవరి కంటను పడలేదు. పుస్తకములలో నశించినదిగా నెన్నబడెను. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలో, మా సగిలేరు పోవు దిక్కుననే, దానిని మరల కనుగొనెను. అచ్చటివారు దానిని కలివికోడి యందురు. కలివి మొదలగు ముండ్లపొదల నడుమ నుండు బట్టబయలునందు అది రాత్రులు తిరుగును. దానికొరకు లంకమల అభయారణ్యము ఏర్పడినది. తెలుగుగంగ కాలువ దాని తావును సమీపింపగా కాలువ త్రోవ మార్చవలసి వచ్చినది. తరువాత పెక్కేండ్లు అది మరల కానరాక, 2025 ఆగస్టులో దాని కూత వినబడినది.

ఈ కథ నిచ్చట చెప్పుటకు కారణము కలదు. కలివికోడికి దట్టమైన యడవి పనికిరాదు, దున్నిన చేనును పనికిరాదు. మేకలు తిరుగుచు, కట్టెలు కొట్టుకొనుచు, అక్కడక్కడ పొదలు మిగిలిన బీడే దానికి ఇల్లు. సర్కారు దస్తావేజులలో అట్టి నేలకు ‘బంజరు’ అని పేరు. బంజరనగా నెవరికిని పనికిరానిదని మన తలంపు. నల్లమల కావలివైపున, నంద్యాల సీమలోని రోళ్లపాడున, బట్టమేక పక్షికి ఇట్టి గడ్డిబీళ్లే ఆధారమై యుండెను. మనిషి నడుమెత్తున నిలిచి మిడతలు, పేడపురుగులు, గింజలు తిను ఆ పక్షికొరకు 1988లో అభయారణ్యము ప్రకటించిరి. అయినను చుట్టునున్న గడ్డినేలలు సేద్యమునకు వచ్చుటతో నది నానాటికి తగ్గి కనుమరుగయ్యెను. నల్లమల చెట్లను గూర్చి విచారపడువారు గలరు. గడ్డిని గూర్చి విచారపడువారు అరుదు.

ఇక పురుగుల చరిత్రలో మా సీమకు మిక్కిలి వింతయైన యధ్యాయ మొకటి గలదు. అది నాగజెముడు కథ.

నాగజెముడు మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండమునుండి వచ్చినది. కుంపిణీవారు ఎఱ్ఱరంగు వ్యాపారముపై నాసపడి, ఆ రంగు నిచ్చు కోచినీలు పురుగును ఇచ్చట పెంపదలచిరి. జెముడు ఆ పురుగునకు మేత. 1795లో బ్రెజిలునుండి కలకత్తాకు పురుగు వచ్చినది గాని అది మంచి రంగు నిచ్చు జాతి కాదు. రంగు వ్యాపారము సాగలేదు. పురుగు మాత్రము ఒక జాతి జెముడును పట్టి తినివేసెను. 1836-38 ప్రాంతమున దక్షిణదేశమునకు దెచ్చి విడువగా ఇచ్చటను ఆ జాతి జెముడు నాశమయ్యెను. ఒక పురుగుచేత నొక కలుపుమొక్కను అణచుట లోకచరిత్రలో నిదియే మొదటిదని శాస్త్రజ్ఞు లందురు. కాని మరియొక జాతి నాగజెముడు ఆ పురుగునకు లొంగక, దత్తమండలములలో చేల గట్లను, ఊరి దొడ్లను, బీళ్లను, బాటల ప్రక్కలను ఆక్రమించెను. రైతుకు కంచెయు నదియే, శత్రువు నదియే. దాని ముండ్లగుబురులలో కౌజులు, పూరేళ్లు, ముంగిసలు, పాములు సమస్తమును కాపురముండెను. 1926లో సింహళమునుండి వేరొక జాతి కోచినీలు పురుగును మదరాసు రాజధానికి రప్పించిరి. తెల్లని దూదివంటి పొరతో నాకులకు అంటుకొని యుండు ఆ చిన్న పురుగు కొలది యేండ్లలో నాగజెముడును మాడ్చి నేలకు గలిపెను. గొడ్డలికి, నిప్పునకు లొంగనిది చిటికెనవ్రేలి గోటిలో నిముడు ప్రాణికి లొంగెను.

నేల విడుదల యయ్యెను, మంచిదే. కాని ఆ పొదలను నమ్ముకొన్న పిట్టలకు నీడ పోయినది. ఖాళీయైన చోట మరియొక పరదేశి మొక్క ప్రవేశించెను. సర్కారు తుమ్మ, లేక కంపచెట్టు, 1877లో మన ప్రక్క జిల్లాయగు కడపలోని కమలాపురమున నాటబడినది. వంటచెఱకు కరవు తీర్చవలెనని అటవీశాఖవారి యుద్దేశము. కరవును తీర్చినది, తీర్చుచు చెరువులలోపలికి, వాగులలోనికి, బీళ్లమీదికిని ప్రాకినది. గువ్వలకు, పికిలిపిట్టలకు అది మరుగు నిచ్చినది. బయలు కోరు చితవకు, పూరేడుకు చోటు లేకుండ చేసినది. ఒక చెట్టు వచ్చినచో పిట్టలన్నియు పెరుగవు, తరుగవు. కొన్ని వచ్చును, కొన్ని పోవును. ఈ విషయమున ‘పచ్చదనము’ అను మాటను నమ్మి మోసపోరాదు.

పంటపొలముల విషయమునకు వత్తము. మా పెద్దలనాటి మెట్టపైరులు జొన్న, సజ్జ, కొఱ్ఱ, ఆరిక, కంది, ఆముదము. సజ్జ కంకి పాలుపోసుకొనినది మొదలు చేలో మంచె వేసి, వడిసెల పట్టి, పిట్టలను తోలవలెను. పిచ్చుకయు, గిజిగాడును, చిలుకయు గింజను దోచుననుట నిజమే. కాని పిచ్చుక తన పిల్లలకు గింజ పెట్టదు, పురుగే పెట్టును. గ్రుడ్డు పగిలి బయటపడిన పిల్లకు కొన్నాళ్లవరకు మెత్తని గొంగళిపురుగులే యాహారము. గింజ తినుట మన కంటికి కనబడును, పురుగు తినుట కనబడదు. 1958లో చైనాదేశమున నీ పొరపాటే దేశమంతటను జరిగెను. పిచ్చుక ధాన్యపు దొంగ యని ప్రభుత్వమువారు ప్రజలచేత పళ్లెములు వాయించి, నిలువనీయక తరిమి, కోట్లకొలది చంపించిరి. పురుగులు, మిడతలు పెచ్చు పెరిగి పంటల నష్టపరచెను. తరువాత వచ్చిన ఘోరమైన కరవునకు పెక్కు కారణములు గలవు. వానిలో నిది యొకటి. 1960లో చంపదగిన వాని పట్టికనుండి పిచ్చుకను తీసివేసిరి.

మన రైతు మంచెమీద కూర్చుండి కేకలు వేసెను గాని యిల్లు చేరిన పిచ్చుకను తరుమలేదు. వసారాలో కంకుల కుచ్చు వ్రేలాడదీసి తానే పిలిచెను. మట్టిమిద్దెల దూలముల సందులు, బోదకప్పుల చూరులు దాని పురుళ్లకు ఇచ్చెను. కప్పులు సిమెంటువి యైనవి. సజ్జ, కొఱ్ఱ తగ్గి వేరుశనగ, పొగాకు, పత్తి, మిరప హెచ్చినవి. ముంగిట దంచుటయు చెరుగుటయు పోయి మరలు వచ్చినవి. పిచ్చుక కొన్ని వీధులలో నేల తగ్గినదో చెప్పుటకు ఇవి చాలును. సెల్లు టవర్లవలన పిచ్చుకలు నశించినవని చెప్పుకొందురు గాని, దానికి గట్టి ఋజువు చూపినవారు లేరు. దేశమంతటి లెక్క చూచిన, పెద్ద నగరములలో తగ్గినను పల్లెలలో పిచ్చుక నిలకడగనే యున్నట్లు 2020లో వెలువడిన నివేదిక తెలిపినది. పిచ్చుకకొరకు మనము కార్చిన కన్నీటిలో కొంత పాలపిట్టకు మిగుల్చుకొనవలసి యుండెను.

ఏలయన, నిజముగ తగ్గినది పాలపిట్ట. విజయదశమినాడు దానిని చూచుట శుభమని మన నమ్మకము. చాలకాలము ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి యదియే. విభజన తరువాత తెలంగాణ దానిని నిలుపుకొనినది, 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను గ్రహించినది. 2023లో 942 జాతులను పరిశీలించి వ్రాసిన భారత పక్షుల స్థితి నివేదికలో పాలపిట్ట క్షీణించుచున్నట్లు చూపిరి. ఆ నివేదికలో దీర్ఘకాలపు లెక్క తేలిన జాతులు 338. వానిలో 204 తగ్గినవి, 98 నిలకడగ నున్నవి, 36 పెరిగినవి. తగ్గిన వానిలో పురుగులను తినునవి, మాంసము తినునవి, బయళ్లలో నుండునవి ఎక్కువ. పాలపిట్ట తీగమీదనో మోడుమీదనో కూర్చుండి నేలమీది మిడతను, పేడపురుగును చూచి వ్రాలును. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చిన చేలో పేడ ఏది? పేడ లేనిచోట పేడపురుగు ఏది? ఉన్న కొన్ని పురుగులను మందు చంపినది.

మందుల చరిత్రయు చెప్పవలెను. వేరుశనగకు ఎఱ్ఱగొంగళిపురుగు పాతశత్రువు. తొలివానకు నేలలోని కోశములనుండి రెక్కలపురుగులు బయలుదేరి, కలుపుమొక్కలపై గ్రుడ్లు పెట్టును. పిల్లలు దండు కట్టి యొక చేను తిని మరియొక చేనికి నడచును. దీనికి మన ప్రాంతమున తగిన యుపాయములు గలవు. వానపడిన రాత్రులు ఊరంతయు నొక్కటై గట్లమీద మంటలు వేయుట, చేనిచుట్టు చాలు త్రవ్వుట, జిల్లేడు ఆముదపుటాకులు ఎరగా వేసి చేరిన పురుగును ఏరుట. ఇవి ఒక్కడు చేసిన ఫలింపవు, అందరును కలిసి చేయవలెను. బి.హెచ్.సి. పొడి వచ్చిన తరువాత ఎవని చేనికి వాడు చల్లుకొనుట సులువయ్యెను. ఊరి కట్టు సడలుటకు నిదియు నొక కారణమని నా యభిప్రాయము. ఆ పొడిని 1997లో నిషేధించిరి. అప్పటికి దశాబ్దములకొలది నేలలో పడియున్నది.

పత్తి కథ మరింత కఠినము. 1980 తరువాత పైరిత్రాయిడ్ జాతి మందులు వచ్చి, మొదట కాయతొలుచు పురుగును మాయముచేసినట్లే తోచెను. ఊరకూరక చల్లగా పురుగు మందునకు అలవాటుపడెను. ఆ పురుగును తిను కందిరీగలు, సాలెపురుగులు, అల్లిక రెక్కల పురుగులు అలవాటుపడక చచ్చెను. తెల్లదోమ మితిమీరెను. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిచేలలో కాయపురుగు విరుచుకొనిపడి పంట తుడిచిపెట్టుకొనిపోగా, అప్పులపాలై ప్రాణములు తీసికొన్న రైతులు పలువురు. పదియేండ్లకు 1997-98లో వరంగల్లు సీమలో నదియే దుఃఖము వందలకొలది యిండ్లలో కలిగెను. 2002లో బీటీ పత్తికి అనుమతి యిచ్చిరి. కాయపురుగు మందు కొంత తగ్గినను రసము పీల్చు పురుగుల మందు తగ్గలేదు. పురుగుల సంఖ్య మారుట పుస్తకములలోని ముచ్చట కాదు. అది రైతు బాకీపత్రమున వ్రాయబడు లెక్క. ఇది మనకే కలిగినది కాదు. 2017లో ప్రకటించిన పరిశోధనలో, జర్మనీదేశపు రక్షితస్థలములలోనే, 27 ఏండ్లలో ఎగురు పురుగుల తూకము ముప్పాతికకు మించి తగ్గినట్లు తేలినది.

రాబందుల సంగతి వేరు. ఊరివెలుపల పడవేసిన గొడ్డు కళేబరము నాలుగైదు గంటలలో ఎముకలుగా మిగులుచుండెను. ఆ పని చేసినవారికి కూలి లేదు, మెప్పు లేదు. శవములు తిను పక్షి యని అసహ్యమే. 1992 మొదలు 2007 లోపల మన దేశమున తెల్లవీపు రాబందులు నూటికి తొంబదితొమ్మిదికి మించి నశించినవి. కారణము తెలియక రోగమేమో యని కొందరు, విషమేమో యని కొందరు తలంచిరి. 2004లో తేలినది: పశువుల నొప్పులకు వాడు డైక్లోఫినాక్ అను మందు. ఆ మందు పడిన పశువు చచ్చినచో దాని మాంసము తిన్న రాబందు మూత్రపిండములు చెడి చచ్చును. 2006లో పశువులకు దాని వాడుకను నిషేధించిరి. మనుష్యులకు చేసిన పెద్ద సీసాలు పశువులకు పోవుచుండగా 2015లో సీసా పరిమాణమును తగ్గించిరి. రాబందులు లేని చోట కుక్కలు పెరిగినవి, నీళ్లు చెడినవి. 2000 మొదలు 2005 వరకు దీనివలన దేశమున సుమారు 5 లక్షల మరణములు అదనముగ కలిగినవని ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు 2024లో లెక్కకట్టి ప్రకటించిరి. రైతు తన యెద్దు నొప్పి తీర్పదలచి వేసిన సూది ఇంతపని చేయునని ఎవ్వడు తలచును?

తరిగిన వానినే చెప్పి పెరిగిన వానిని చెప్పకుండుట న్యాయము గాదు. నెమలి పెరిగినది. 1963లో జాతీయపక్షి యయ్యెను, 1972 చట్టముచేత దాని వేట కఠిననేరమయ్యెను. కొండదిగువ చేలలో కంది, వేరుశనగ మొలకలను పెరికి తినుట సామాన్యమైపోయినది. రైతు పాత చీరలు చేనిచుట్టు కట్టి కాపాడుకొనును. నెమలిని చూచి పట్టణమువారు సంతోషింతురు. ఆ సంతోషమునకు వెల యిచ్చువాడు గిద్దలూరు దాపున మూడెకరముల మెట్టరైతు. పావురములు పెరిగినవి, కాకులకు లోటు లేదు. పసులకొంగ మాత్రము మిక్కిలి లౌక్యము గలది. ఎద్దులు పోగానే అలుగక, ట్రాక్టరువెంట నడచి మట్టిలోని పురుగును నిర్విచారముగ నేరుకొనుచున్నది.

గిజిగానికి ఆ లౌక్యము లేదు. కపిల తోలిన దిగుడుబావులపై వంగిన కొమ్మలకే అది గూడు కట్టును. క్రింద నీరున్న పాము, పిల్లి రాదని దాని ధైర్యము. బోర్లు దిగి, ఊటలు క్రుంగి, బావులు పూడిపోగా, గూడు కట్టదగిన తావులు వ్రేళ్లపై లెక్కింపవలసి యున్నవి. చెరువుకట్ట యీతచెట్లు దానికి మిగిలిన యాశ్రయము. కంభము చెరువు వంటివి నిలిచియుండుట ఎందుకు మేలో దీనినిబట్టి తెలియగలదు. 2020లో ఆ చెరువునకు ప్రాచీన నీటిపారుదల నిర్మాణముగా అంతర్జాతీయ గౌరవము లభించెను. ఆ గౌరవమున పిట్టల పేరు లేదు.

మందు లేని సేద్యమునకు మరలిన ఊరులును గలవు. నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామస్థులు 2000 ప్రాంతమున పురుగుమందులను విడిచిపెట్టిరి. వేపకషాయము, దీపపు ఎరలు, చేలో పిట్టలు వ్రాలుటకు కొయ్యలు పాతుట వారి సాధనములు. 2004-05 నుండి ఆ పద్ధతి రాష్ట్రమున పెక్కుచోట్లకు ప్రాకెను. 2016లో ప్రభుత్వమువారు ప్రకృతి సేద్యమును పెద్ద యెత్తున చేపట్టిరి. కొయ్యమీద ఏట్రింత వ్రాలి, ఎగిరిన ప్రతి పురుగును తెచ్చుకొని మరల అచ్చటనే కూర్చుండును. కొయ్యకు వెల లేదు.

ఇప్పుడు మా పశ్చిమప్రాంతము వెలిగొండ నీటికై ఎదురుచూచుచున్నది. 1996లో శంకుస్థాపన జరిగెను. నల్లమలక్రింద దాదాపు పందొమ్మిది కిలోమీటర్ల పొడవున రెండు సొరంగములు త్రవ్వబడినవి. కృష్ణ నీరు మెట్టచేలకు వచ్చిననాడు సజ్జ, కంది వేయువా డుండడు. మిరపయు పత్తియు వచ్చును, వానితో మందుల దుకాణములును వచ్చును. తడినేలకు కొంగలు, తూనీగలు వచ్చును. పూరేడు, చితవ పోవును. నీరు వలదనుటకు ఈ కరవుసీమలో నెవనికిని నోరు రాదు, నాకును రాదు. కాలువగట్లమీద నే చెట్లు నాటవలెనో, బీడులో నెంత బీడుగనే విడువవలెనో నిర్ణయించు పని మాత్రము నీరు రాకముందే, ఆయా గ్రామసభలలోనే, జరుగవలసి యున్నది.